ఖాళీ యను మాట

మా తండ్రిగారు నాకు విడిచిపోయిన యాస్తిలో చెప్పుకొనదగినవి రెండు: ఒక బీరువెడు సంస్కృతగ్రంథములు, ఒక పాత అంబాసిడరు కారు. గ్రంథములను చెదలనుండి కాపాడుకొనుట నాకు చేతనగును. కారును త్రుప్పునుండి కాపాడుకొనుట మాత్రము చేతగాదని గడచిన వేసవిలో ఋజువైనది. ఆ కారణమున మా యింటికిని, మా యింటివాడు గాని యొక బాలునికిని ముంచుకొనివచ్చి తప్పిపోయిన యాపదను గూర్చి చదువరులకు విన్నవింపదలచితిని. ఇందు సాహసకృత్య మేమియు లేదు. నేను చేయబోయిన తెలివితక్కువ పని యొకటియు, దానివలన నేర్చుకొన్న పాఠ మొకటియు మాత్రమే కలవు.

ఆ కారు 1978వ సంవత్సరపు బండి. ఆ జాతి కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినది. అయిదేండ్ల కొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొనుచు, పెండ్లిండ్లకును, మా యమ్మను వైద్యునియొద్దకు గొనిపోవుటకును తప్ప దానిని బయటికి దీయను. తక్కిన కాలమంతయు నది మా పెరటి రేకులషెడ్డులో సగము నిండిన ట్యాంకుతో నిలిచియుండును. అదియే మొదటి తప్పని తరువాత దెలిసినది. సగము ఖాళీగా నున్న ట్యాంకులోని గాలి రాత్రి చల్లబడినప్పుడు అందలి తేమ గోడలకు చెమటవలె పట్టును. నీరు పెట్రోలుకంటె బరువైనది గావున నడుగునకు దిగును; దిగి యినుమును లోపలనుండి తినును. పైనుండి చూచువారికి రంగు చెక్కుచెదరినట్లు కనబడదు. దీనికి తోడు, 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు కలుపుట సర్వసాధారణమైనది. ఇథనాలు నీటిని పీల్చుకొను స్వభావము గలది. ఆనాటి కార్ల రబ్బరుగొట్టములు దానిని దృష్టిలో నుంచుకొని చేసినవి కావు. కావున నిందు తప్పు బండిది గాదు. దానిని నిలిపి మరచిన నాది.

వాసనను మొదట కనిపెట్టినది నా భార్య. "ఏమండీ, పెరట్లో పెట్రోలు వాసన వస్తోంది, ఒకసారి చూడండి" అని యామె మూడు దినములు చెప్పినది. మూడు దినములును నేను "పాత బండి గదా, ఆమాత్రము రాదా?" యని చెప్పి పత్రికలో తల దూర్చితిని. ఇంటిలో స్త్రీలు చెప్పిన మాటను వినకుండుట మగవారికి తరతరములుగా వచ్చిన యలవాటు. స్త్రీవిద్యను గూర్చి సభలలో నుపన్యసించు నా వంటివారికి గూడ నది పూర్తిగా వదలలేదని యొప్పుకొనవలెను.

నాలుగవనాటి సాయంకాలము మా యమ్మ సంధ్యాదీపమును చేతబట్టుకొని తులసికోటయొద్దకు బోవుచుండెను. షెడ్డునకును తులసికోటకును నడుమ పదునైదడుగులకంటె నెక్కువ లేదు. నేల గూడ కోటవైపునకే వాలు. నా భార్య పరుగెత్తుకొనివచ్చి యడ్డముగా నిలిచినది.

"సందెదీపం మానడమేమిటే అమ్మాయీ?" అని మా యమ్మ కోపించెను.

"మానడం కాదత్తయ్యా. ఇవాళ్టికి లోపల దేవుడిగదిలో పెడదాం. ఆ వాసన చూడండి."

మా యమ్మ ఒక్క నిమిషము వాసన చూచి, "సరే, వెలుగు ఎక్కడున్నా వెలుగే" యని లోనికి మరలినది. డెబ్బదియెనిమిదేండ్ల వృద్ధురాలికి అరనిమిషములో దెలిసిన సంగతి పట్టభద్రుడనైన నాకు మూడు దినములకు గాని తెలియలేదు. అప్పుడు వంగి బండి క్రింద జూచితిని. కంచమంత తడి. ట్యాంకు నడుగునుండి ఒక్కొక్క బొట్టుగా పెట్రోలు రాలుచున్నది.

మండునది పెట్రోలని మనమందుము గాని, నిజముగా మండునది దాని యావిరి. ఈ సంగతిని మైకేల్ ఫారడే మహాశయుడు లండనులో 1848లోను, మరల 1860వ సంవత్సరాంతమున మొదలిడియు బాలురకు క్రొవ్వొత్తిని గూర్చి యుపన్యాసములిచ్చి చూపించెను. క్రొవ్వొత్తి నార్పినవెంటనే పైకిలేచు తెల్లని పొగకు దూరమునుండి అగ్గిపుల్ల నందించినచో, మంట యా పొగదారిని పట్టుకొని వత్తిమీదికి దుమికి మరల వెలుగును. పెట్రోలావిరియు నిట్టిదే. అయితే యిది గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది, పైకి లేవదు. నీరు పల్లమునకు బారినట్లు నేలవెంబడి ప్రాకి, గుంటలలోను కాలువలలోను నిలిచి, దూరమున నొక దీపమును తాకినచో, మంట యా దారినే తిరిగివచ్చును. పెట్రోలు సున్నకు దిగువ నలువది డిగ్రీల చలిలో గూడ మండదగిన యావిరిని విడుచును. అట్టిది మన గోదావరి వేసవిలో నేమి చేయదు?

మెకానిక్కును పిలిపించితిని. అతడు కారును స్టార్టు చేయక, తోసి యారుబయటికి తెచ్చి, గాలి బాగుగా తగిలినపిమ్మట బ్యాటరీ తీగ విప్పెను. కారునడుగున దూరి, ఎండిన బట్టలసబ్బును చిల్లుమీద గట్టిగా రుద్దగానే కారుట ఆగిపోయెను. పెట్రోలులో సబ్బు కరుగదు. ఇది యొక పూట నిలుచు నుపాయమే గాని మరమ్మతు గాదు. అంతవరకు నతడు చేసినదంతయు మెచ్చదగినట్లే యుండెను. మరునాడు బండిని త్రాడుకట్టి వాని షెడ్డునకు లాగించితిమి.

ఆ షెడ్డు గుమ్మమునకు నిమ్మకాయయు మిరపకాయలును వ్రేలాడుచుండెను. మా కారు ముందుభాగమున గూడ మా తండ్రిగారి కాలమునుండి యట్టిదే యొకటి వ్రేలాడుచున్నది గావున నితరుల నాక్షేపింప నాకు హక్కు లేదు. కాని షెడ్డంతయు వెదకినను మంటలార్పు పొడిసీసా యొక్కటియైన లేదు. ఒక బక్కెట ఇసుకయు లేదు. దృష్టిదోషమునకు కట్టుదిట్టము చేసికొంటిమి. అగ్నికి మాత్రము చేసికొనలేదు.

అచ్చట నాకు దెలిసిన ముఖ మొకటి కనబడెను. వాడు మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచు నడుమ మానివేసిన బాలుడు, పదునైదేండ్లుండును. హాజరుపట్టీలో వాని పేరున కెదురుగా కొన్నినెలలు సున్నలు చుట్టి, పిమ్మట పేరు కొట్టివేసినవాడను నేనే. ఎందుకు మానినాడో యింటికి బోయి యడిగినవాడను గాను. వాడు నన్ను జూచి సిగ్గుపడి నమస్కరించి, యజమాని చెప్పగానే గొట్టమును ట్యాంకులో దూర్చి, రెండవకొనను నోటబెట్టుకొని పెట్రోలును పీల్చి డబ్బాలోనికి వదలెను. ఒక్క గ్రుక్కెడు పెట్రోలు పొరపాటున ఊపిరితిత్తులలోనికి బోయినచో నవి వాచి ప్రాణముమీదికి రావచ్చును. చేతిపంపు కొద్ది రూపాయల వస్తువు. నేను చూచి యూరకుంటిని.

ట్యాంకు నూడదీసి, బోర్లించి, అరగంట యెండలో నుంచిరి. నీళ్లతో నొకసారి తొలిచిరి. తరువాత మెకానిక్కు గ్యాసువెల్డింగు గొట్టమును లాగికొనివచ్చి, "ఒరేయ్, ట్యాంకు గట్టిగా పట్టుకో" యని బాలునితో చెప్పి, నాతో "గంటలో అయిపోద్దండి మాస్టారూ" అనెను. ఆ సాయంకాలము మే మొక పెండ్లికి బోవలసియుండెను. నేను గడియారము జూచుకొని, "ఖాళీదే కదా, కానివ్వండి" అంటిని.

బాలుడు ట్యాంకును పట్టుకొనుటకు వంగి, దాని మూతికడ ముఖముంచి, మెల్లగా నన్నడిగెను: "ఖాళీదైతే ఇంత వాసన ఎందుకొత్తందండీ, మాస్టారూ?"

నా నోట మాట రాలేదు. ఇరువది సంవత్సరములుగా నేను పిల్లలకు పాఠములు చెప్పుచున్నాను. కళాశాలలో తర్కశాస్త్రము చదివితిని. గుణము ద్రవ్యము నాశ్రయించియే యుండునని, ఆశ్రయము లేక గుణ ముండజాలదని మా గురువులు మాచేత వల్లె వేయించిరి. వాసన గుణము. వాసన యున్నచో వాసనగల ద్రవ్య ముండి తీరవలెను. పొగను జూచి కొండమీది నిప్పు నూహించుట నెన్ని పర్యాయములు బల్లమీద వ్రాసితినో లెక్క లేదు. నా ముక్కునకు దగిలిన వాసననుండి నా యెదుటి ట్యాంకులోని యావిరిని మాత్ర మూహింపనైతిని. అభావము నాలుగు విధములని పేర్లతో నప్పగింపగలను. ట్యాంకులోని యభావ మెట్టిదో నాకు దెలియలేదు. పాఠశాల విడిచిన బాలునికి తెలిసినది.

"ఆపండి" అని యరచితిని. నా కంఠము నాకే వింతగా నుండెను.

మెకానిక్కు నవ్వి, "ఇట్టాంటివి ఇరవై ట్యాంకులు చేశానండీ, ఏమీ అవ్వలేదు" అనెను. ఇరువదిసార్లు కాలేదనుట ఇరువదియొకటవసారి కాదనుటకు హేతువు గాదని నేను చెప్పబోవుచుండగా, అత డెందుచేతనో నవ్వు మానివేసి, కొంతసేపూరకుండి, చొక్కాచేయి పైకి మడిచెను. మోచేతినుండి భుజమువరకు కాలి ముడుతలుపడిన చర్మము. "నా చిన్నప్పుడు, మా మేస్త్రీ దగ్గర. అదీ ఖాళీ డ్రమ్మేనండీ" యనెను. పిమ్మట నాకు సూటిగా దగులునట్లు, "తెలీక కాదండీ. తొందర పెట్టేది మీలాంటోళ్ళే. ఆవిరి పట్టించి కడగాలంటే మూడు రోజులాగమంటాను, ఆగరు, ఇంకో షెడ్డుకి పోతారు" అనెను. నేను గడియారమునుండి చూపు మరల్చి నేలవైపు చూచితిని. అతని మాటలో నసత్య మేమున్నది?

ఆ రాత్రి నాకు బెంజమిన్ లీ వార్ఫ్ అను నమెరికా భాషావేత్త జ్ఞాపకమునకు వచ్చెను. ఆయన వృత్తిచేత హార్ట్‌ఫర్డు నగరమున నొక అగ్నిభీమా సంస్థలో ప్రమాదనివారణ యింజనీరు. భాషాశాస్త్రము తీరికవేళల పని. అగ్నిప్రమాదముల నివేదికలను పరిశీలించి యాయన కనిపెట్టిన వింత యేమనగా: నిండు పెట్రోలుపీపాల దగ్గర జనులు మిక్కిలి జాగ్రత్తగా మెలగుదురు, "ఖాళీ" పీపాల దగ్గర చుట్టలు కాల్చుకొందురు. ఖాళీ యను మాట వినగానే మనస్సు "ఏమియు లేదు, భయము లేదు" అని తీర్పు చెప్పివేయును. ఆయన 1939లో వ్రాసి, 1941లో ప్రకటింపబడిన వ్యాసమున నీ యుదాహరణ మున్నది. ఆయన సిద్ధాంతములను గూర్చి పండితులలో వివాదములు కలవు. కాని యీ యుదాహరణము నిజమని నా యనుభవమే సాక్ష్యము. నేనా వ్యాసమును చదివియుంటిని. చదివియు గడియారము జూచుకొంటిని.

నిజమునకు ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె నెక్కువ భయంకరమైనది. కారణము తేలిక. నూరుపాళ్ళ గాలిలో పెట్రోలావిరి సుమా రొకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్ళవరకు నున్నప్పుడే యది మండగలదు. నిండు ట్యాంకులో ద్రవముపై నుండు కొద్దిచోటున నావిరి మిక్కిలి చిక్కగా నుండుటచే గాలి చాలక మంట పుట్టదు. ట్యాంకు ఖాళీ యగుకొలది గాలి లోపల జొరబడి యావిరిని పలుచన చేసి, సరిగా మండు పాకమునకు దెచ్చును. ఒక చిన్న చెంచాడు పెట్రోలు ఆవిరియైనచో, ఏబది లీటర్ల ట్యాంకు నంతటిని ఆ పాకమునకు దేగలదు. ఆ చెంచాడు అతుకుల మడతలలోను, త్రుప్పుపొరల క్రిందను దాగుకొనుట కెంత చోటు కావలెను? నీళ్లతో నొకసారి తొలిచినను, ఎండలో నెంతసేపుంచినను నది పోదు. వెల్డింగు వేడి తగులగానే మడతలలోనుండి యావిరియై వచ్చును. తలుపు మూసిన గదిలో మంటకు దారి లేనట్లు, ట్యాంకులో మండినది ట్యాంకును బ్రద్దలు చేసికొని యెదుటివాని మీదికి వచ్చును.

మరి మేము చేసిన దేమని చదువరులడుగుదురు. ట్యాంకునకు నిప్పు చూపనే లేదు. పట్టణములో ఆవిరితో శుభ్రము చేయు సాధనములుగల కర్మశాలకు దానిని పంపితిమి. అచ్చట సబ్బునీటితోను, వేడి యావిరితోను పలుమారులు కడిగి, ఆరబెట్టి, లోపలి త్రుప్పును రాల్చిరి. కర్మశాలవారు నాతో స్పష్టముగా చెప్పిన మాట యిది: ఇంత కడిగినను మంట పెట్టవలసివచ్చినచో, లోపలిగాలిని వాయుపరీక్షాయంత్రముతో కొలిచి, బొగ్గుపులుసు వాయువుతో గాని నత్రజనితో గాని ట్యాంకును నింపి, తరిబీతు పొందినవారు మాత్రమే చేయవలెను. మా ట్యాంకునకు మూడు సూదిబెజ్జములే గావున నంత యవసరము లేకపోయెను. చుట్టును మెరయువరకు గరుకుకాగితముతో రుద్ది, పెట్రోలునకు తాళునట్టి రెండుపాళ్ళ జిగురుతో గాజుబట్టను అంటించి, లోపలవైపున ట్యాంకులకై చేసిన పూత పోయించితిమి. అది గట్టిపడుటకు దినములు పట్టినది. తరువాత మూతులు బిగించి, నీళ్లతొట్టిలో ముంచి, సైకిలుపంపుతో మెల్లగా గాలి నింపగా బుడగ లేవలేదు. కంప్రెసరుతో నింపరాదు, పాతరేకు పగులును. బెజ్జములు కాక యడుగంతయు తినివేయబడియున్నచో నతుకుల నాశ్రయింపక క్రొత్త ట్యాంకు వేయించుటయే వివేకము.

ఇంటనున్నవారు తెలిసికొనవలసినవి మరికొన్ని కలవు. పెట్రోలు వాసన తగిలినచో బండిని స్టార్టు చేయరాదు. అచ్చట విద్యుద్దీపపు మీట వేయరాదు, తీయరాదు. దీపమును, పొయ్యిని దూరముంచవలెను. పెట్రోలును ప్లాస్టికు బక్కెటలోనికి తోడరాదు. ఒరపిడివలన పుట్టు విద్యుత్తు నిప్పురవ్వ యగును. లోహపు డబ్బాను వాడి, దానిని ట్యాంకుతో తీగచే కలిపి యుంచవలెను. ఈ పనిని గోతిమీద గాని మూసిన షెడ్డులో గాని చేయరాదు. తోడిన పెట్రోలును మురుగుకాలువలో పోయరాదు. ఆవిరి కాలువవెంబడి నెవరి యింటి పొయ్యిని వెదకికొనునో తెలియదు. మంట పుట్టినచో నీళ్లు పోయరాదు. పెట్రోలు నీటిమీద తేలి మంటను వీధికెక్కించును. పొడిసీసాయో, ఇసుకయో ముందుగా దగ్గర నుండవలెను. మన దేశమున 2000వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీవరకు సీసము కలిపిన పెట్రోలు నమ్మబడెను గావున, అంతకు ముందునాటి ట్యాంకుల మడ్డిలో నా సీస ముండవచ్చును. సీసము పిల్లల మెదడునకు శత్రువు. దానిని వట్టిచేతులతో ముట్టరాదు. పిల్లలను ముట్టనీయనే రాదు.

ఈ చివరిమాట వ్రాయునప్పుడు నా చేయి కొంచె మాగుచున్నది. 2016లో సవరింపబడిన బాలకార్మికచట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని మండు పదార్థముల పనిలో పెట్టరాదని శాసించుచున్నది. ఈ చట్టము మెకానిక్కునకు తెలియదేమో; నాకు తెలియును. పాఠశాల గోడమీద నా చట్టమునకు సంబంధించిన ప్రకటనపత్రమును నా చేతులతోనే అంటించితిని. అట్టి నేనే యా బాలుడు ట్యాంకును పట్టుకొని యుండగా "కానివ్వండి" యంటిని. వాడు ప్రశ్నింపకయున్నచో నేమగునో చెప్పనక్కరలేదు. తరగతిలో "తెలియనిచో నడుగుడు" అని నేను చెప్పిన మాటను వాడు మరువలేదు. వానిని నేను మరచితిని.

ట్యాంకు తిరిగి బిగించిననాటి సాయంకాలము వాని యింటికి బోయితిని. తండ్రి మంచమున బడియున్నాడు; తల్లి కూలికి బోవుచున్నది. పిల్లవాని సంపాదన లేనిదే యిల్లు గడువదని యామె కన్నీరు పెట్టక, దాపరికము లేక చెప్పినది. నేను తెచ్చిన నీతివాక్యములలో నొక్కటియు నామె ప్రశ్నకు సమాధానము గాలేదు. మెకానిక్కుతో మాటలాడి, పిల్లవానిని పెట్రోలు, వెల్డింగు పనులనుండి తప్పించి, లెక్కలు వ్రాయుటకును సామానులు తెచ్చుటకును నియమింప నొప్పించితిని. సార్వత్రిక విద్యావిధానమున పదవతరగతికి వాని పేరు వ్రాయించితిమి. రాత్రులు మా యింటికి వచ్చి చదువుచున్నాడు. లెక్కలు నా భార్య చెప్పును. భాషలు నేను చెప్పుదును. వాడు పరీక్ష నిచ్చునో, నడుమ మానునో నేనిప్పుడు చెప్పలేను. ప్రశ్నలు మాత్రము మానలేదు.

మెకానిక్కు షెడ్డులో నిప్పు డొక యెర్రని పొడిసీసా వ్రేలాడుచున్నది. నిమ్మకాయయు నున్నది, దాని జోలికి నేను పోలేదు. మా పెరటిలో ట్యాంకు క్రింద ప్రతిరాత్రియు నొక పాత వార్తాపత్రికను పరచి, ఉదయమున నా భార్య దానిని చూచును. ఇంతవరకు తడి లేదు. తులసికోటలో దీపము మరల వెలుగుచున్నది. అయినను వెలిగించుటకు ముందు మా యమ్మ యొక నిమిషము నిలిచి గాలిని వాసన చూచును. దైవభక్తికి దీనివలన లోపము వచ్చినట్లు నాకు తోచలేదు.